అమ్మకు గుడి కట్టాక

గ్రామదేవతలు హిందూ దేవతలేనా అన్న చర్చ చాలా కాలంగా నడుస్తోంది. మేము ఇంకో ప్రశ్న వేస్తున్నాం: అమ్మకు గుడి కట్టాక, అంతకుముందు ఆమె కొలువు చేసినవాళ్లు ఏమయ్యారు?

నెల్లూరు ప్రాంతంలో పనిచేసిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ డబ్ల్యు.టి. ఎల్మోర్ 1915లో ద్రావిడ దేవతల మీద పుస్తకం వేశాడు. పోలేరమ్మ, అంకమ్మ కొలుపుల వివరాలు అందులో ఉన్నాయి. దున్నను నరికేది మాదిగ. నెత్తురన్నం, అంటే పొలి, ఊరి చుట్టూ చల్లే పని మాల మాదిగలదే. అమ్మ పూనిన మాతంగి మాదిగ స్త్రీ. ఆమె అగ్రకులాల మీద ఉమ్మేది, బూతులు తిట్టేది. వాళ్లు కిక్కురుమనకుండా పడేవాళ్లు.

ఇదంతా స్వర్ణయుగమని మేము అనం. తిట్టే హక్కు కొలుపు నాడే, మిగతా ఏడాదంతా వెలివాడ బతుకే గదా! ఆడపిల్లల్ని జోగినిగా, బసివిగా, మాతమ్మగా అర్పించడాన్ని 1988 చట్టం నిషేధించింది. అది రావలసిన చట్టమే.

అయితే రెండోవైపు చూడండి. 2022 దాకా నెల్లూరు జిల్లాలో ఉన్న సూళ్లూరుపేటలో, కాళంగి ఒడ్డున చెంగాళమ్మ గుడి ఉంది. అమ్మ వద్దందని ఆ గుడికి తలుపులు వేయరంటారు. ఊరమ్మ ఇప్పుడు చెంగాళి పరమేశ్వరి అయింది, గుడి దేవాదాయ శాఖ కిందికి వచ్చింది. 1947 నాటి మద్రాసు ఆలయ ప్రవేశ చట్టం దళితులకు గుడి వాకిలి తెరిచింది. 1950 చట్టం బలిని నిషేధించింది. బలితో పాటు అమ్మ ముందు మాదిగకున్న చోటూ చట్టం దృష్టిలో పోయింది. దాని బదులు అర్చకత్వంలో చోటు ఆ చట్టాలు రెండూ చూపలేదు. గుడిలోకి రావడం వేరు, అమ్మను తాకడం వేరు.

సముద్రం అవతలా ఇలాంటి కథే ఉంది. ఇప్పటి వియత్నాంలోని న్యాచాంగ్ తీరాన చామ్ ప్రజల తల్లి పో నగర్. ఆ పేరుకు దేశపు అమ్మ అని అర్థం. చంపా రాజులు ఇటుక గుళ్లు కట్టి, సంస్కృత శాసనాల్లో ఆమెను భగవతి అన్నారు. 1653లో ఆ నేల వియత్నామీల చేతికి పోయాక ఆమె పేరు మళ్లీ మారింది. చామ్ జనం నోట మాత్రం ఆమె ఇప్పటికీ పో నగరే.

శాసనం రాయించినవాడి మాట రాతిలో నిలుస్తుంది. కొలువు చేసినవాళ్ల మాట నోట్లోనే ఉంటుంది, మనిషితోనే పోతుంది. అందుకే విద్యార్థులూ కార్యకర్తలూ తమ పల్లెల్లో పెద్దల్ని అడగాలి: డప్పుకు ఏ ఇనాం ఉండేది, పొలి ఎవరు చల్లారు, ఎప్పుడు మానేశారు, ఎవరు మాన్పించారు? ఆ జవాబులు రాసిపెట్టుకుంటే, గర్భగుడిలో వాటా అడిగే రోజున అవే మన దస్తావేజులు.