లైడార్‌తో ధూళి కణాల గుర్తింపు: గాదంకి, హైదరాబాద్

లేజర్ వెలుగుతో పనిచేసే రాడార్‌ను లైడార్ అంటారు. ఆకాశంలోకి లేజర్ మెరుపులు పంపి, కణాలకు తగిలి వెనక్కి వచ్చే వెలుగును టెలిస్కోపుతో పట్టుకుంటారు. వెలుగు వెళ్లి రావడానికి పట్టిన ఒక్కో మైక్రోసెకనుకు 150 మీటర్ల చొప్పున ఎత్తు తేలుతుంది. నేల మీద గాలిని వడగట్టి ధూళిని కొలిచే యంత్రాలకు చుట్టూ ఉన్న గాలే దిక్కు. నగరం నెత్తిన రెండు మూడు కిలోమీటర్ల ఎత్తున సాగిపోయే ధూళి వాటికి అందదు.

1960లో థియోడర్ మైమన్ తొలి లేజర్‌ను వెలిగించాడు. 1963కల్లా ఎంఐటీలో ఫియోకో, స్మలిన్ ఆ వెలుగును పై వాతావరణ పొరల పరిశీలనకు వాడారు.

తెలుగు నేల మీద ఈ చరిత్రకు పెద్ద మజిలీ తిరుపతి దగ్గరి గాదంకి. అక్కడ వాతావరణాన్ని పరిశీలించే ఎంఎస్‌టీ రాడార్ చెంతనే 1998లో జపాన్ సహకారంతో లైడార్ నెలకొంది. 532 నానోమీటర్ల పచ్చని లేజర్, సెకనుకు 20 మెరుపులు. రెండు టెలిస్కోపుల్లో ఒకటి చాలా ఎత్తులోని గాలి అణువుల కోసం, మరొకటి ధూళి, మబ్బుల కోసం. ఆ రాడార్, లైడార్ ఉన్న కేంద్రమే 2005లో జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల అయింది.

కణాలున్నాయని చెప్పడం సులువే. అవి ఇసుకరేణువులా, పొగా, నీటి తుంపరలా అన్నదే అసలు చిక్కు. దానికి జవాబు ధ్రువణంలో దొరికింది. లేజర్ వెలుగు ఒకే తలంలో కంపిస్తుంది. గుండ్రని తుంపరకు తగిలితే ఆ తలం దాదాపు చెదరకుండా తిరిగివస్తుంది. వంకర టింకర ఇసుకరేణువుకు, మంచు పలుకుకు తగిలితే చెదురుతుంది. ఆ చెదురును కొలిస్తే కణం ఆకారం తెలుస్తుంది. అయితే పట్టణపు పొగ, ఎడారి దుమ్ము కలిసిపోయినప్పుడు ఈ ఒక్క కొలత చాలదు. వెనక్కి వచ్చే వెలుగుకూ దారిలో తరిగిపోయే వెలుగుకూ మధ్య నిష్పత్తి దుమ్ముకు ఒకలా, పొగకు ఒకలా ఉంటుంది. మామూలు లైడార్ దాన్ని కొలవలేదు; శాస్త్రజ్ఞులే ఊహించి లెక్కలో వేయాలి. ఈ విద్యలో పొరపాట్లకు పెద్ద తావు ఇదే.

హైదరాబాద్‌లో జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రానికి చెందిన కె.వి.ఎస్. బదరీనాథ్, సహచరులు చిన్న మైక్రోపల్స్ లైడార్‌తో నగరం మీది కణాలను పరిశీలించారు. 2010లో వారు వెలువరించిన మరో అధ్యయనం, పర్షియన్ గల్ఫ్, అరేబియా సముద్రాల మీది ధూళి తుపాను భారత ఉపఖండం వైపు వచ్చిన తీరును ఉపగ్రహాలతో, నేల మీది కొలతలతో అనుసరించింది. ఒమాన్‌లోని షినాస్ వంటి తీరపట్టణాల గాలికీ మన గాలికీ మధ్య అడ్డుగోడ లేదని ఇలాంటి పరిశీలనలే చూపించాయి.

2006లో ఎగిరిన కాలిప్సో ఉపగ్రహం ధ్రువణాన్ని కొలుస్తూ 2023 దాకా ప్రపంచమంతటి ధూళి ఎత్తులను నమోదు చేసింది. 2024 మేలో వెళ్లిన ఎర్త్‌కేర్ ఉపగ్రహంలోని 355 నానోమీటర్ల లైడార్, అణువుల వెలుగును కణాల వెలుగు నుంచి విడదీసి, ఇన్నాళ్లూ ఊహించి వేసుకున్న ఆ నిష్పత్తిని నేరుగా కొలుస్తోంది.