మేకుముడి

సెప్టెంబరు నెల, పొద్దున ఏడున్నర. పహల్గామ్ దాటి ఆరూ వెళ్లే దారి పక్కన, లిద్దర్ ఏటి ఒడ్డున బండ మీద కూర్చున్నారు మీరు. రాతి చలి ప్యాంటులోంచి ఎముకలకు ఎక్కుతోంది. పైన కొలహోయ్ మంచు కరిగి వచ్చే నీళ్లివి. ఆ హోరులో పక్కనున్న మనిషి మాట వినాలన్నా చెవి దగ్గర పెట్టాలి. మత్స్యశాఖ ఇచ్చిన పర్మిట్ జేబులో ఉంది. ఏటిలో ఈ ముక్క ఇవాళంతా మీదే. కానీ గాలం ఇంకా తడవలేదు. లైన్ కొసన ఫ్యాక్టరీలోనే అతికించి ఇచ్చే చిన్న ఉచ్చు నిన్న సాయంత్రం చిట్లిపోయింది. కొక్కెం కట్టే సన్నపోగు, అంటే లీడర్‌ని, తగిలించడానికి ఏమీ మిగల్లేదు.

"పోతే పోనీ సాబ్, ముడి వేద్దాం" అంటారు గైడు చాచా. జేబులోంచి ఇంకు అయిపోయిన బాల్‌పెన్ రీఫిల్ ముక్క తీసి మీ అరచేతిలో పెడతారు. రెండంగుళాలు ఉంటుందేమో.

మన చెరువుగట్టు మీద గాలం వేసేటప్పుడు సీసం గుండు బరువే ఎరను లాక్కుపోతుంది. ఇక్కడ గుండు లేదు. కొక్కేనికి ఈకలూ దారాలూ చుట్టి చేసిన ఫ్లైకి దూదిపింజంత బరువు కూడా ఉండదు. బరువంతా లైన్‌దే. మీ భుజం నుంచి బయల్దేరిన ఊపు లైన్ వెంట ఉంగరంలా విచ్చుకుంటూ పోయి, లీడర్‌లోకి దూకి, ఫ్లైని నీటి మీద దించాలి. ఆ దూకే చోటు ఈ ముడి. అక్కడ మడత పడిందా, ఊపు అక్కడే చచ్చిపోయి లీడర్ మొత్తం నీటిమీద కుప్పగా పడుతుంది. చేపకు అంతకంటే హెచ్చరిక అక్కర్లేదు.

రెండు కొసలూ పట్టుకు చూడండి. లైన్ లేత పచ్చగా, మిల్లీమీటరుకు కాస్త తక్కువ మందంతో ఉంది. లోపల అల్లిక తాడు, పైన పీవీసీ పూత. గోటితో నొక్కితే దిగుతుంది. లీడర్ తొమ్మిదడుగుల నైలాన్ పోగు. మొదలు అర మిల్లీమీటరు, పోనుపోను సన్నబడి చివర 0.15 మిల్లీమీటరు. ప్యాకెట్ మీద 5ఎక్స్ అని ఉంటుంది. ఆ ఎక్స్ పట్టుపురుగు వదిలిపోయిన గుర్తు. నైలాన్ రాకముందు, గూడు కట్టబోతున్న పురుగును వెనిగర్‌లో నానబెట్టి, కడుపులోని పట్టుతిత్తిని చీల్చి సాగదీస్తే వచ్చే పోగే లీడర్. దాన్ని లోహపు బెజ్జంలోంచి ఎన్నిసార్లు లాగి సన్నం చేస్తే అన్ని ఎక్స్‌లు. హిందూపురం మార్కెట్లో బుట్టలకొద్దీ పట్టుగూళ్లు చూసిన కళ్లకు, అదే పురుగు ఇలా ఏటి ఒడ్డున కూడా కొలువు చేసిందని తెలిస్తే ఒళ్లు ఝల్లుమంటుంది.

సరే, ముడి. లైన్ కొసను కుడివైపుకు తిప్పి, రీఫిల్ ముక్కను దాని పక్కన ఆనించండి. లీడర్ లావు కొసను కుడి నుంచి ఎడమకు తెచ్చి పక్కనే పడుకోబెట్టండి. జానెడు కొస వదులుగా మిగలాలి. మూడింటినీ ఎడమ చేతి బొటనవేలు, చూపుడువేలు మధ్య నొక్కి పట్టండి. ఇప్పుడు ఆ మిగిలిన కొసను వెనక్కి తిప్పి, లైన్‌నీ రీఫిల్‌నీ లీడర్‌నీ కలిపి చుట్టండి. ఒకటి, రెండు, మూడు... చుట్టు పక్కన చుట్టు, లైన్ కొస వైపుకే. ఆరు. కొసను రీఫిల్ బెజ్జంలో దూర్చి ఎడమవైపు బయటికి తీయండి. పూర్వం రీఫిల్ బదులు మేకు పెట్టేవారు, అందుకే దీన్ని నెయిల్ నాట్ అంటారు.

వేళ్లు కొంకర్లు పోతున్నాయి. రీఫిల్ లాగుతుండగా నాలుగో చుట్టు ఐదోదాని మీదికి ఎక్కింది. చాచా చూశారు. ఏమీ అనకుండా కత్తెర అందించారు.

రెండోసారి. రీఫిల్ మెల్లగా జారి బయటికొచ్చింది, చుట్లు కదల్లేదు. ఉమ్మితో తడిపి, లీడర్ రెండు కొసలూ ఎదురెదురుగా లాగుతారు. చుట్లు దగ్గరకొచ్చి పీవీసీలోకి కరుచుకుంటాయి. ఆ క్షణం వేళ్లకు తెలుస్తుంది. జారడం ఆగి పట్టు దొరుకుతుంది. మిగులు కత్తిరించాక గోరు మీద రాసి చూస్తే చిన్న గరుకు, అంతే.

ఎనిమిదిన్నరకు, బండ వెనక నీరు నెమ్మదించిన చోట ఫ్లై మాయమైంది. రాడ్ వంగింది. బ్రౌన్ ట్రౌట్. 1899లో కశ్మీర్‌కు పంపిన మొదటి గుడ్లు దారిలోనే పాడైపోయాయి. మరుసటి ఏడు స్కాట్లాండ్ నుంచి వచ్చినవి బతికాయి. వాటి సంతతి ఇప్పుడు మీ చేతిని లాగుతోంది.

దగ్గరకొచ్చింది. ఎర్రచుక్కలు, వాటి చుట్టూ తెల్లటి వలయాలు కనిపిస్తున్నాయి. రాడ్ ఎనిమిదిన్నర అడుగులు, లీడర్ తొమ్మిది. అంటే చేప వలకు అందేవేళకు ముడి రాడ్ కొస రింగులోంచి లోపలికి వచ్చేసింది. చాచా వల ముంచారు. ఆ నీడ చూసి చేప ఒక్కసారిగా ప్రవాహంలోకి దూసుకెళ్లింది. రీల్ కీచుమంది. ముడి ఇంకా రింగు లోపలే ఉంది.

రాడ్ కొసన సన్నగా ఓ అదురు. ముడి రింగులో చిక్కుకోకుండా బయటికి జారిపోయింది.

"వెళ్లనివ్వండి సాబ్, వెళ్లనివ్వండి" అంటున్నారు చాచా, నీళ్లలోకి మరో అడుగు వేస్తూ.