డబ్బా ఆహారాల ఆవిరి నిర్జీవీకరణలో శక్తి తుల్యత

సీలు వేసిన డబ్బాలలోని ఆహారాన్ని అధిక పీడనపు ఆవిరితో వేడిచేసి సూక్ష్మజీవులను నశింపజేయడాన్ని ఆవిరి నిర్జీవీకరణ అంటారు. ఇందుకు వాడే మూత బిగించిన ఇనుప పాత్ర పేరు రిటార్టు. దానిలోకి వచ్చిన, బయటికి పోయిన, లోపల నిలిచిన ఉష్ణశక్తుల లెక్కే శక్తి తుల్యత. ఏటా సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వర్షం మాత్రమే పడే అనంతపురం పీఠభూమిలో ఈ లెక్క ఇంధనంతో ముగియదు, నీటి దాకా వస్తుంది.

ఆవిరి లెక్క

ఉదాహరణకు 1000 కిలోల వండిన పప్పును 30 నుండి 121 డిగ్రీల సెల్సియస్‌కు వేడిచేయాలనుకుందాం. దాని విశిష్టోష్ణం కిలోకు, డిగ్రీకి 3.7 కిలోజౌళ్ళు అనుకుంటే, సుమారు 3,37,000 కిలోజౌళ్ళు కావాలి. ఆ ఉష్ణోగ్రత వద్ద కిలో ఆవిరి నీరుగా మారుతూ దాదాపు 2,200 కిలోజౌళ్ళ గుప్తోష్ణాన్ని విడుదల చేస్తుంది. అంటే 153 కిలోల ఆవిరి చాలు. 1500 కిలోల ఇనుప రిటార్టు వేడెక్కడానికి మరో 30 కిలోలు పడుతుంది. లోపలి గాలిని వెళ్ళగొట్టడానికి మొదట వదిలివేసే ఆవిరి వీటికి అదనం. విద్యార్థులు తరచుగా మరచేది దీనినే. గాలి మిగిలిపోతే పీడనం సరిగానే కనిపించినా ఉష్ణోగ్రత తగ్గుతుంది.

ఎత్తు ప్రభావం

పప్పు వంటి ఆమ్లత తక్కువ గల ఆహారాలలో క్లాస్ట్రీడియం బొట్యులినం సిద్ధబీజాలు బ్రతికి ఉంటే ప్రాణాంతక విషం తయారుకావచ్చు. చిత్తూరు ప్రాంతపు తోతాపురి మామిడి గుజ్జు ఆమ్లగుణం గలది కనుక దానికి మరిగే నీటి వేడి సరిపోతుంది. సముద్రమట్టం వద్ద పీడనమాపకం చదరపు అంగుళానికి 15 పౌనులు చూపితే ఆవిరి 121 డిగ్రీల వద్ద ఉంటుంది. సుమారు 335 మీటర్ల ఎత్తున ఉన్న అనంతపురంలో వాతావరణ పీడనం దాదాపు 4 కిలోపాస్కళ్ళు తక్కువ. అందువలన అదే ముల్లు వద్ద ఉష్ణోగ్రత 0.6 డిగ్రీ తగ్గి, సిద్ధబీజాలు నశించే వేగం సుమారు ఎనిమిదో వంతు పడిపోతుంది. కాబట్టి ఉష్ణమాపకాన్నే ప్రమాణంగా తీసుకోవాలి.

చల్లార్చే నీరు

అసలు ఖర్చు ఇక్కడుంది. పప్పును తిరిగి 40 డిగ్రీలకు చల్లార్చాలంటే 3,00,000 కిలోజౌళ్ళు తీసివేయాలి. నీరు 20 డిగ్రీలు వేడెక్కుతుందనుకుంటే సుమారు 3,600 లీటర్లు కావాలి; పప్పు వేడెక్కడానికి పట్టిన ఆవిరికి ఇది ఇరవై రెట్లకు పైనే. బోరు నీటిని ఇలా కాలువలో వదిలివేయడం ఈ నేలలో సమర్థనీయం కాదు. శీతలీకరణ గోపురం ద్వారా తిరిగి వాడితే, ఆ వేడిని మోసుకుపోవడానికి ఆవిరయ్యేది సుమారు 125 లీటర్లే. పొడిగాలి ఇందుకు బాగా తోడ్పడుతుంది. అయితే చల్లారే డబ్బాలో పీడనం తగ్గి, అతుకుల సందుల గుండా అతి సూక్ష్మంగా నీరు లోపలికి చేరే వీలుంది. అందుచేత తిరిగి వాడే నీటికి క్లోరిన్ కలపడం తప్పనిసరి.