గోస్తని వెంట కొండబాట: భీమిలి తీరం నుంచి అనంతగిరి వరకు

భీమునిపట్నం: చలికాలం వచ్చిందంటే విశాఖ తీరానికీ, మన్యానికీ సందర్శకుల తాకిడి మొదలవుతుంది. సముద్రం చూసేవారు సముద్రంతోనూ, అరకు వెళ్లేవారు అరకుతోనూ సరిపెట్టుకుని తిరిగి వెళ్లిపోతుంటారు. ఈ రెండింటినీ కలిపే గోస్తని నది వెంట నడిచేవారు తక్కువే. అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల గుండా సాగి, తాటిపూడి జలాశయంలో నిలిచి, భీమిలి వద్ద బంగాళాఖాతంలో కలిసే ఈ నదిని కింది నుంచి పైకి అనుసరిస్తే మూడు నాలుగు రోజుల విహారయాత్ర అవుతుంది. అంతా కాలినడకన సాగనక్కర్లేదు. కొంత నడక, కొంత బస్సు, కొంత రైలు.

మొదటి మజిలీ భీమిలి. డచ్చివారి సమాధులు, పాత బంగళాలు ఉన్న ఈ ఊరిని ఆనుకునే పావురాళ్లకొండ ఉంది. నరసింహస్వామి ఆలయం ఉన్నందున దీన్ని నరసింహకొండ అని కూడా పిలుస్తారు. కొండపై బౌద్ధ భిక్షువులు వాననీటి నిల్వకు రాతిలో తొలిచిన తొట్లు నేటికీ ఉన్నాయి. విశాఖకు వెళ్లే దారిలోని తొట్లకొండకు ఆ పేరు రావడానికీ ఇటువంటి తొట్లే కారణం. అక్కడి బౌద్ధారామం 1976లో నౌకాదళం గగనతల సర్వే జరిపినప్పుడు వెలుగుచూసింది. చుక్కనీరు దొరకని కొండలపై వందలాది సంవత్సరాల పాటు మనుషులు నివసించగలిగారంటే వాననీటిని ఒడిసిపట్టడం వల్లనే. నేటి సందర్శకులకు మాత్రం అక్కడ తాగునీరు దొరుకుతుందన్న భరోసా లేదు. మనిషికి కనీసం రెండు లీటర్లు వెంట తీసుకువెళ్లాలి. ఎండ పొద్దు ఎక్కకముందే కొండ ఎక్కి దిగడం మేలు. ఇవి రక్షిత కట్టడాలు కావడం వల్ల గుడారాలు వేయరాదు. సమీపంలోని ఎర్రమట్టి దిబ్బలు 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలో చేరాయి. అడుగు పడితే జారిపోయే ఆ ఇసుక గోడలపైకి ఎక్కకుండా కింది నుంచి చూసి రావడమే వాటికి మనం చేసే మేలు.

భీమిలి నుంచి లోపలికి పద్మనాభం మీదుగా వెళ్లవచ్చు. 1794 జులై 10న విజయనగరం ప్రభువు చిన విజయరామరాజు ఈస్టిండియా కంపెనీ సేనలతో పోరాడి మరణించిన చోటు ఇదే. అనంతపద్మనాభస్వామి కొలువైన కొండకు వెయ్యికి పైగా మెట్లున్నాయి. కొత్తగా కొండలు ఎక్కేవారు తమ కాళ్ల సత్తువ ఎంతో ఇక్కడ తేల్చుకోవచ్చు. ఈ మెట్ల దగ్గరే ఆయాసపడేవారు ఘాట్ దారుల్లో బరువు మోసే ఆలోచన మానుకుని, సామాను వాహనంలో పంపడం మంచిది.

గెడ్డ పక్కన గుడారం వద్దు

శృంగవరపుకోట దాటాక ఘాట్‌రోడ్డు మొదలవుతుంది. అక్కడి నుంచి యాత్ర స్వభావమే మారుతుంది. అనంతగిరి మండలం అల్లూరి సీతారామరాజు జిల్లా పరిధిలోకి వస్తుంది. కాఫీ తోటలు, వాటికి నీడనిచ్చే సిల్వర్ ఓక్ చెట్లు, వాటిపైకి అల్లుకున్న మిరియాల తీగలు, లోయల్లో గెడ్డల చప్పుడు. గుడారం వేసుకునే కుర్రకారు సాధారణంగా వెతికేది గెడ్డ ఒడ్డున చదునుగా ఉన్న ఇసుక మేటను. చూడముచ్చటగా ఉంటుంది, నీరు అందుబాటులో ఉంటుంది. కానీ ఆ మేటను అక్కడ పోసింది వరదేనన్న సంగతి గుర్తుంచుకోవాలి.

ఈ కొండలపై వానను నిర్ణయించేది చాలావరకు బంగాళాఖాతమే. అల్పపీడనం బలపడితే తీరంలో ముసురు పట్టేలోగానే కనుమలపై కుండపోత కురవవచ్చు. మేఘాలు కొండకు తగిలి పైకి లేచి, చల్లబడి అక్కడే కురుస్తాయి. నిటారు వాలుల మీద పడిన నీరు నిలిచే చోటు లేక గంటల వ్యవధిలో గెడ్డలోకి చేరుతుంది. మీరున్న చోట చినుకు లేకపోయినా ఎగువన కురిసిన వాన మీ గుడారాన్ని ముంచవచ్చు. తేటగా ఉన్న నీరు ఎర్రబారడం, ఆకులూ పుల్లలూ కొట్టుకురావడం, ప్రవాహపు హోరు పెరగడం ప్రమాద సూచనలు. వాటిలో ఏ ఒక్కటి కనిపించినా సామాను వదిలేసి పైకి వెళ్లాలి. ఒడ్డునున్న పొదల్లో చిక్కుకున్న గడ్డి, చెత్త ఎంత ఎత్తులో ఉన్నాయో చూస్తే గత వరద మట్టం తెలుస్తుంది. అంతకంటే బాగా ఎత్తున, రాళ్లు దొర్లిపడే వాలు లేని చోటే గుడారం వేయాలి.

అందుకే కొండకు బయలుదేరేవారు ముందుగా తెలుసుకోవలసింది సముద్రం కబురు. విశాఖలోని తుపాను హెచ్చరికల కేంద్రం ప్రకటనలను జాలర్లు ఎంత శ్రద్ధగా వింటారో విహారయాత్రికులూ అంతే శ్రద్ధగా వినాలి. ఓడరేవుల్లో ఎగరేసే హెచ్చరికలు 1 నుంచి 11 వరకు ఉంటాయి. విశాఖలో మూడో నంబరు ఎగిరిందంటే ఆ వారం గుడారాల ఆలోచన వాయిదా వేసుకోవలసిందే. 2014 అక్టోబరు 12న తీరం దాటిన హుద్‌హుద్ తుపాను విశాఖ నగరంతో పాటు అరకు, అనంతగిరి కాఫీ తోటలనూ కూల్చివేసింది. కొత్తవలస - కిరండూల్ రైలు మార్గంపై కొండచరియలు విరిగిపడి రాకపోకలు నిలిచిపోవడం భారీ వర్షాల కాలంలో తరచూ వినే వార్తే. అక్టోబరు, నవంబరు నెలలు తుపానుల కాలం. డిసెంబరు రెండో వారం నుంచి ఫిబ్రవరి వరకు ఈ యాత్రకు అనువైన సమయం.

ఆ నెలల్లో చలిని తక్కువ అంచనా వేయరాదు. వెయ్యి మీటర్ల ఎత్తుకు సుమారు ఆరున్నర డిగ్రీల ఉష్ణోగ్రత తగ్గుతుందని లెక్క. తొమ్మిది వందల మీటర్లకు పైనున్న అరకు లోయలో తెల్లవారుజామున గుడారం లోపల కూడా మంచు చెమ్మ దిగుతుంది. నేలచలి పైచలి కంటే ప్రమాదకరం. మంచి కంబళి కప్పుకుని, కింద పలుచని దుప్పటి పరిస్తే నిద్ర పట్టదు. కింద మందంగా ఏదో ఒకటి ఉండాలి.

బొర్రా వరకు రైలు

విశాఖ నుంచి ఉదయం కిరండూల్ వైపు వెళ్లే రైలెక్కితే సొరంగాల మీదుగా బొర్రా గుహల స్టేషనులో దిగవచ్చు. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని జపాన్‌కు పంపేందుకు 1960లలో వేసిన మార్గమిది. గుహల్లో ఆవు పొదుగును పోలిన సున్నపురాతి ఆకృతి నుంచి నీరు కారుతుందని, గోస్తని పేరు దాని నుంచే వచ్చిందని స్థానికులు చెబుతారు. తప్పిపోయిన ఆవును వెదుకుతూ వచ్చిన పశువుల కాపరికి శివలింగం కనిపించిందన్న కథ కూడా ఇక్కడిదే. అక్కడి నుంచి కటికి జలపాతానికి వెళ్లవచ్చు. జలపాతాల వద్ద నాచు పట్టిన రాళ్లపై కాలు జారడం, లోతు తెలియని మడుగుల్లోకి దూకడం ప్రాణాల మీదికి తెస్తున్నాయి.

ఈ ప్రాంతం షెడ్యూల్డు ప్రాంతం. 1970లో సవరించిన భూబదలాయింపు నిబంధన, జనం నోట '1/70 చట్టం', ప్రకారం గిరిజనేతరులు ఇక్కడ భూమి సంపాదించరాదు. కనుక గుడారం వేసే నేల ఎవరిదో అడిగి, ఆ గిరిజన కుటుంబానికే అద్దె చెల్లించి, భోజనమూ వారి చేతే వండించుకోవడం న్యాయం. బొంగులో చికెన్ అయినా, రాగి అంబలి అయినా ఆ డబ్బు ఊళ్లోనే నిలుస్తుంది. అడవిలోకి వెళ్లాలంటే అటవీశాఖ అనుమతి కావాలి. ఎండుటాకుల కాలంలో నెగడు వేయడం మానుకోవాలి.

మరొక సంగతి. తాటిపూడి జలాశయం నీరు విశాఖ నగరానికి తాగునీరుగా వెళుతుంది. అనంతగిరి గెడ్డల్లో పారేసిన సీసాలు, ప్లాస్టిక్ విస్తళ్లు, ఒడ్డున చేసిన మలవిసర్జన చేరేది ఆ నీటిలోకే. శనివారం కొండపై పారేసింది తర్వాత మన ఇంటి కుళాయి వైపే బయలుదేరుతుందన్నమాట. నీటికి కనీసం వంద అడుగుల దూరంలో గొయ్యి తీసి కప్పెట్టాలి. తెచ్చిన ప్లాస్టిక్ తిరిగి తీసుకుపోవాలి. గెడ్డ నీరు తాగవలసివస్తే మరిగించాకే తాగాలి.

మన్యంలో మలేరియా ఉంది. దోమతెర తప్పనిసరి. తిరిగి వచ్చిన రెండు మూడు వారాల్లో జ్వరం వస్తే అరకు వెళ్లివచ్చినట్లు వైద్యునికి చెప్పి రక్తపరీక్ష చేయించుకోవాలి. పాము కరిస్తే కోయడం, గట్టిగా కట్టడం వంటివి చేయకుండా కాలు కదలనీయకుండా ఆసుపత్రికి చేర్చాలి. 108కు ఫోన్ చేయాలన్నా చాలా లోయల్లో సిగ్నల్ అందదు. రోడ్డు లేని గూడేల వారు నేటికీ రోగులను డోలీలో మోసుకువస్తున్నారు. రోడ్డుకు మూడు గంటల దూరంలో గుడారం వేసుకున్నవారి పరిస్థితీ అదే. ఎక్కడికి వెళుతున్నదీ, ఎప్పుడు తిరిగివచ్చేదీ కింది ఊరిలో ఒకరికైనా చెప్పి వెళ్లాలి. అనంతగిరి నుంచి ఎస్.కోట వైపు తిరుగు ప్రయాణం మధ్యాహ్నమే పెట్టుకుంటే మంచు కమ్మకముందే ఘాట్‌రోడ్డు దిగవచ్చు.