నెగటివ్ స్కానింగ్: చిక్కులు, పరిష్కారాలు

ఫిల్మ్ నెగటివ్‌ను స్కానర్‌తో డిజిటల్ చిత్రంగా మార్చే పనే నెగటివ్ స్కానింగ్. ఇది ఎందుకు ముఖ్యమో ఒక ఉదాహరణ: 1937లో బోధన్‌ శక్కర్‌నగర్‌లో వెలసిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ 2015లో మూతపడింది. అలాంటి చోట పాత నెగటివ్ ఒక్కొక్కటీ ఊరి చరిత్రే.

పొరపాటు ఎక్కువగా జరిగేది దుమ్ము దగ్గర. పరారుణ కాంతితో దుమ్మును పసిగట్టి చెరిపే సౌకర్యం కలర్ నెగటివ్‌లకు బాగా సరిపోతుంది. మామూలు నలుపు-తెలుపు ఫిల్మ్‌లోని వెండి ఆ కాంతిని అడ్డుకుంటుంది. సాఫ్ట్‌వేర్ బొమ్మనే దుమ్మనుకుని పాడుచేస్తుంది. ఆ సౌకర్యం ఆపేసి, బ్లోయర్‌తో దుమ్ము ఊదడమే మేలు.

కలర్ చిత్రం నీలంగా వస్తే నారింజ ఛాయ సరిగా తొలగలేదన్నమాట. ఫిల్మ్ రకాన్ని మళ్లీ ఎంచుకోవాలి. ఫిల్మ్ గాజుకు తగిలితే చిత్రంలో రంగుల వలయాలు (న్యూటన్ వలయాలు) పడతాయి. కొత్త కంప్యూటర్ గుర్తించని పాత స్కానర్లు చాలావరకు వ్యూస్కాన్ సాఫ్ట్‌వేర్‌తో పనిచేస్తాయి.