నెట్‌వర్క్ కార్డు క్యూల పంపకము

ఒకే నెట్‌వర్క్ కార్డునకు గల క్యూలలో కొన్నింటిని కెర్నల్‌కు విడిచి, తక్కినవానిని యూజర్ స్పేస్‌లో నడచు ప్రోగ్రామునకు అప్పగించు పద్ధతి. ఆకివీడు ప్రాంతమున గోదావరి కాలువనీరు తూములవద్ద చీలి కొంత పంటబోదెలకును కొంత చేపలచెరువులకును చేరునట్లు, ప్యాకెట్లు కార్డునందే విడివడును.

సెకనుకు 10 గిగాబిట్ల ఈథర్‌నెట్ తీగపై 64 బైట్ల ప్యాకెట్లు 1.488 కోట్ల వరకు రాగలవు. ఒక్కొక్కదానికి 67 నానోసెకన్లకు మించి వ్యవధి చిక్కదు కనుక, కెర్నల్ మార్గమందలి నకళ్లును ఇంటరప్టులును భరింపరాని భారమగును. 2010లో ఇంటెల్ సంస్థ వెలువరించిన డీపీడీకే అను ప్యాకెట్ల లైబ్రరీ సాధారణముగా కార్డునంతటిని కెర్నల్ చేతినుండి తప్పించును. అంతట ఎస్‌ఎస్‌హెచ్, ఏఆర్‌పీ వంటి నిత్యావసరములు సైతము నిరాధారములగుటయే అందలి పెద్ద చిక్కు. మెల్లనాక్స్ కార్డుల డ్రైవరు మాత్రము ఇందుకు అపవాదము. అది కెర్నల్‌ను వెళ్లగొట్టకయే పనిచేయును.

2018లో లినక్స్ 4.18తో వచ్చిన, ప్యాకెట్లను యూజర్ స్పేస్‌కు అందించు ఏఎఫ్-ఎక్స్‌డీపీ సాకెట్టు ఈ చిక్కును చాలవరకు విడదీసినది. సాకెట్టు ఒక్క క్యూకు మాత్రమే కట్టుబడును గనుక, ఉదాహరణకు 4242వ యూడీపీ పోర్టుకు వచ్చునవి 3వ క్యూలో పడునట్లు ఈథ్‌టూల్ ఆదేశముతో నియమించి, ఆ క్యూను సాధారణ పంపిణీనుండి తొలగింపవలెను. ఈ రెండవ పనినే పలువురు మరతురు. అపుడు ఇతర ప్యాకెట్లును అందే వచ్చిపడగా, ప్యాకెట్లను తొలుత చూచు ఎక్స్‌డీపీ ప్రోగ్రాము వానిని ఏరి కెర్నల్‌కు మరలింపవలసివచ్చును. ఫిల్ రింగున ఖాళీ బఫర్లు పెట్టుటయందు యూజర్ స్పేస్ ప్రోగ్రాము జాగుచేసెనేని ప్యాకెట్లు జారిపోవును. ఆ లెక్క సాకెట్టు గణాంకములందు కాననగును.