వ్యాపార ప్రక్రియల నమూనా చిత్రణ

వ్యాపార ప్రక్రియల నమూనా చిత్రణ అనగా ఒక సంస్థలో ఏదైనా పని ఏయే దశలలో, ఎవరి ద్వారా, ఏ నిబంధనలకు లోబడి జరుగునో నిర్ణీత గుర్తులతో బొమ్మగా గీసే పద్ధతి. అనవసరమైన దశలు, బాధ్యత ఎవరిదో తేలని చోట్లు ఇటువంటి బొమ్మలో సులభముగా బయటపడతాయి.

చరిత్ర

1921లో ఫ్రాంక్ గిల్‌బ్రెత్ అమెరికా మెకానికల్ ఇంజనీర్ల సంఘం ముందుంచిన ప్రాసెస్ చార్టు ఈ చిత్రాలకు ఆద్యము. తరువాత డగ్లస్ రాస్ రూపొందించిన శాడ్ట్ పద్ధతి ఆధారంగా అమెరికా వైమానిక దళము ఐడెఫ్0 ను తయారుచేయించింది. ఇది 1993లో అమెరికా ప్రభుత్వ ప్రమాణమైంది. 2008లో ఆ హోదా ఉపసంహరించబడినది. 2004లో వెలువడిన బీపీఎంఎన్ 2013లో ఐఎస్ఓ ప్రమాణముగా గుర్తింపు పొందినది.

ఐడెఫ్0 విధానము

ఇందులో ప్రతి పనీ ఒక పెట్టె. పెట్టెకు ఎడమవైపు నుండి వచ్చే బాణము ముడిసరుకు లేదా సమాచారము, కుడివైపు వెళ్ళేది ఫలితము, పైనుండి దిగేది నియంత్రణ, క్రిందినుండి వచ్చేది పని చేసే మనుషులు, యంత్రాలు. ఒక్కొక్క పెట్టెను విడదీసి మరొక కాగితముపై మూడు నుండి ఆరు పెట్టెలుగా గీస్తారు.

మల్కాపురం ఉదాహరణ

విశాఖపట్నంలోని మల్కాపురం వద్దనున్న చమురుశుద్ధి కర్మాగారమును 1957లో కాల్టెక్స్ సంస్థ నెలకొల్పింది. 1976లో ప్రభుత్వము దీనిని స్వాధీనము చేసుకొన్నది. 1978లో ఇది హిందుస్థాన్ పెట్రోలియంలో విలీనమైనది. ఓడ నుండి ఎల్పీజీని గొట్టాల ద్వారా నిల్వ గోళాలకు చేర్చే పనిని తీసుకుందాము. ఎడమ బాణము ఓడలోని గ్యాసు. కుడి బాణము గోళములో నిల్వయైన గ్యాసు. గోళమును ఎంతవరకు నింపవచ్చుననే పరిమితి, వర్క్ పర్మిట్, భద్రతా నియమాలు పైనుండి దిగుతాయి. గొట్టాలు, పంపులు, వాల్వులు, షిఫ్టు ఆపరేటర్లు క్రింద ఉంటారు. విడదీసినపుడు గొట్టమును పరిశీలించుట, వాల్వులు సరిచూచుట, గ్యాసును పంపుట, మట్టము కొలుచుట అను పెట్టెలు వస్తాయి.

1997 సెప్టెంబరు 14న ఈ కర్మాగారములో సరిగ్గా ఇటువంటి పని జరుగుచుండగా గ్యాసు లీకై, మంటలు, పేలుళ్ళు సంభవించి సుమారు 60 మంది మరణించారు.

పరిమితులు

పై బొమ్మలో లీకుకు చోటు లేదు. ఐడెఫ్0 పని సక్రమముగా జరిగే తీరునే చూపుతుంది. కాలక్రమమును కూడా చూపదు. అందుచేత రసాయన పరిశ్రమలలో దీనితోపాటు హాజాప్ అనే వేరొక క్రమబద్ధ పరిశీలన తప్పనిసరి అనవచ్చును. 1960లలో బ్రిటనుకు చెందిన ఐసీఐ సంస్థలో ఇది రూపుదిద్దుకొన్నది. గొట్టములోని ప్రతి ప్రవాహానికీ "లేదు", "ఎక్కువ", "తక్కువ", "ఎదురుదిశ" వంటి మాటలు తగిలించి, అలా జరిగితే ఏమగునని నిపుణులు కూర్చుని ప్రశ్నించుకుంటారు. బీపీఎంఎన్‌లో మాత్రము పని పెట్టె అంచునే "పొరపాటు" గుర్తును తగిలించి, అక్కడి నుండి వేరే దారి గీయవచ్చును.